గుడి జారిన మాట

రాతిబల్ల మీదున్న రెండో శవానికి రెండో నీళ్ళు పోస్తుండగా చిన్నచెంబుకి నడుం పట్టేసింది. పట్టేసిందంటే మామూలుగా కాదు, వంగినది వంగినట్టే ఉండిపోయింది. లేద్దామంటే లేవదు, కూర్చుందామంటే బల్లకీ గోడకీ మధ్య మనిషి కూర్చునేంత చోటు లేదు. ఒక చేత్తో చనిపోయినావిడ భుజం పట్టుకుని, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని, "కాస్త ఆగు తల్లీ, ఇప్పుడే లేస్తాను" అంది. చనిపోయినావిడ ఆగింది. ఆ ఊళ్ళో చిన్నచెంబు మాట వినేది చనిపోయినవాళ్ళొక్కరే.

కిటికీ అవతలున్న వాళ్ళు మాత్రం ఆగలేదు.

"ఏమ్మా, చెవుల వెనక కడిగావా?" చువ్వల్లోంచి బట్టలకొట్టాయన పెద్దకోడలి గొంతు. బల్ల మీదున్నది ఆమె అత్తగారే.

"కడిగానమ్మా."

"గోళ్ళల్లో?"

"గోళ్ళల్లో కూడా కడిగానమ్మా."

"మా అత్తయ్యకి మురికంటే గిట్టేది కాదు. భోజనానికి ముందు మా అందరి చేతులూ తిప్పి తిప్పి చూసేది."

"ఇప్పుడు నా చేతులు చూస్తున్నారు లెండి."

అవతల ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దకోడలు వాళ్ళని కసిరింది. చిన్నచెంబు గోడ ఆసరాతో మెల్లిగా నిటారయింది. వెన్నులో ఏదో టక్కుమంది. కడగండి, ఇంకా కడగండి అనేవాళ్ళే గానీ ఆమె కడగండ్లు అడిగినవాళ్ళు ఆ కిటికీకి ఇవతలా లేరు, అవతలా లేరు.

మందిరం పక్కనున్న ఆ గదిలో ఆడవాళ్ళని కడిగేది ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దావిడ పెద్దచెంబు, ఈమె చిన్నచెంబు. వాళ్ళ అసలు పేర్లు పెళ్ళిరోజున ఒకసారి పిలిచారు, మళ్ళీ ఎవరికీ అవసరం పడలేదు. శవానికి మూడు నీళ్ళు. మొదటివి చన్నీళ్ళు, ఒంటికి. రెండోవి వేణ్ణీళ్ళు, సబ్బుతో, చేసిన తప్పులకి. మూడోవి మళ్ళీ చన్నీళ్ళు, పేరుకి. ఎవరి పేరుకి అని చిన్నచెంబు ఒకసారి అడిగితే, "పోయినవాళ్ళ పేరుకే. మన పేరుకి నీళ్ళెందుకు, ఎప్పుడో వదిలేశారుగా" అంది పెద్దచెంబు.

శవానికి రెండు వందలు, వాడగా మిగిలిన సబ్బుముక్క, ఒక పాత తువ్వాలు. పదకొండేళ్ళ కిందట కూలి నూటయాభై ఉన్నప్పుడు సబ్బు నిండు సబ్బు. కూలి యాభై పెరిగింది, సబ్బు సగానికి అరిగింది.

ఎండలు ముదిరి పదిరోజులైంది. ముసలివాళ్ళు పండుటాకుల్లా రాలిపోతున్నారు. అందుకే ఆ పూటకి రెండు శవాలు. మూడోది ఇంకా గదికి రాలేదు. అది చిన్నచెంబు ఇంట్లోనే ఉంది. తెల్లవారుజామున పెద్దచెంబు పోయింది.

పక్కింటి కుట్టుపనావిడని అక్క దగ్గర కూర్చోబెట్టి, అక్క ముఖం మీద తడిగుడ్డ వేసి, చిన్నచెంబు పనికొచ్చింది. ముందే కబురొచ్చిన వాళ్ళు ఇద్దరున్నారు. వరస వరసే. అక్క బతికుంటే ఆమె కూడా అదే అనేది. కడగడానికి ఇంకో ఆడమనిషి ఉంటే కదా, ఇవాళ నేను రాలేనని చెప్పడానికి.

పొద్దున గది తలుపు తీయడానికి వచ్చిన తాళాలాయనతో ఆమె ఒక మాట అంది. తాళాలాయన అంటే మందిరం తాళాలన్నీ నడుముకి కట్టుకుని తిరిగేవాడు. ఆయన రాకముందే ఆయన చప్పుడొస్తుంది.

"తాళాలన్నా, మధ్యాహ్నానికి అక్కని తెస్తాను. బల్ల మీదే కడుగుతాను. మూడు నీళ్ళు పోస్తాను. తర్వాత అందరిలాగే ముందు గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్ళి, అక్కడ ప్రార్థన చదివించి పంపాలి."

తాళాలాయన నవ్వలేదు. అదే ఆశ్చర్యం. "మందిరం పెద్దాయన్ని అడుగుతా. కానీ నీకు తెలీనిదేముంది చిన్నచెంబూ? గుమ్మం మీద రాసే ఉందిగా."

రాసే ఉంది. మందిరం ముందు గుమ్మం పైరాయి మీద, నల్లరంగుతో, చేతి మందం అక్షరాలతో: కడిగినవారు లోపలికి రాకూడదు. శవాలు కడిగినవారు. ఆ రెండో మాట రాయి మీద లేదు గానీ ఊరందరి నోటి మీదా ఉంది. ఏ కాలపు పెద్దకో జాలేసి దానికొక గడువు పెట్టాడు. కడిగిన రోజు నుంచి ఏడు రోజులు మైల, ఆ తర్వాత రావచ్చని. మాట మంచిదే. కానీ ఊళ్ళో ఏడు రోజులు వరసగా ఏ ఆడమనిషీ చావకుండా ఉండాలి కదా! ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆరు రోజులు ఎవరూ పోలేదు. ఆరో రోజు సాయంత్రం తోడికోడళ్ళిద్దరూ ఉతికిన బట్టలు తీసి మడతపెట్టుకున్నారు. ఏడో రోజు పొద్దున పాలవాడి భార్య పోయింది. ఊరి జనం వీళ్ళ మైల తీరకుండా వంతులేసుకుని మరీ చచ్చారు. మైలుదూరమైతే నడిచి దాటొచ్చు. మైలదూరం ఎలా దాటతారు? ఆ గదికీ మందిరం గుమ్మానికీ మధ్య ఇరవై అడుగులు.

కడిగే మనిషి చచ్చిపోతే బల్ల ఎక్కించరు. వెనక, తూము పక్కన, నేల మీదే ఒక్క నీళ్ళు పోసి, నీళ్ళు బయటికి పోయే తూముగుమ్మం నుంచే పంపిస్తారు. బతికినన్నాళ్ళూ నీళ్ళలో నానిన మనిషికి మూడు నీళ్ళెందుకు అని పెద్దల వాదన. వీళ్ళకి ముందు కడిగిన వీళ్ళ అత్తనీ అలాగే పంపారు. పెద్దచెంబు మూడు రోజుల కిందట ఇదే గదిలో, నీళ్ళ కాగు దగ్గరే, కళ్ళు తిరిగి కూలబడింది. ఇంకో నాలుగు రోజులు బతికుంటే ఏడూ నిండేవి. మనిషి తీరిపోయింది గానీ మైల తీరలేదు.

రెండో శవాన్ని వాళ్ళ వాళ్ళు వచ్చి ముందు గుమ్మం వైపు ఎత్తుకెళ్ళాక, చిన్నచెంబు గది కడిగి, బయటికొచ్చి పిట్టగోడ నీడన కూలబడింది. వేళ్ళ చర్మం తెల్లగా ముడతలు పడి, ఎవరివో చేతుల్లా ఉన్నాయి. పిట్టగోడ అవతల మందిరం ముంగిలి. మందిరం కట్టి వందేళ్ళు నిండుతున్నాయని గోడలకి సున్నాలు, తలుపులకి రంగులు. గుమ్మం ముందు నిచ్చెన వేసుకుని, పైరాయి మీది పాత రంగు గోకుతూ రంగులాయన. బట్టలకొట్టాయన తల్లిని లోపలికి తీసుకెళ్ళడానికి ఒకసారి నిచ్చెన దించాడు, ప్రార్థన అయ్యి వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ ఎక్కాడు.

కాసేపటికి గోకుడు ఆగింది.

"తాళాలన్నా! ఓ తాళాలన్నా! ఒకసారిటు రా!"

తాళాల చప్పుడు, దాని వెనక తాళాలాయన. "ఏంటి? రంగు ఒలికిందా?"

"ఒలకలేదు. బయటపడింది."

"దిగి మాట్లాడు."

"దిగితే చదవలేను, నువ్వే తలెత్తు. పైన నాలుగు పూతలున్నాయి. నాలుగూ గోకాను. కింద ఉలితో చెక్కిన అక్షరాలున్నాయి. పైనున్న రంగు అక్షరం ఒకటి, కిందున్న రాతి అక్షరం ఇంకొకటి."

"ఏమని ఉంది?"

రంగులాయన వేలితో ఒక్కో అక్షరం తడిమాడు. "క. డ. గ. ని. కడగని. కడగనివారు లోపలికి రాకూడదు."

తాళాలాయన నడుముకున్న తాళాలు ఊగడం మానేశాయి.

"ఉండు, పైన ఇంకో వరసుంది, సున్నం కింద." గీరిన సున్నం పొడి కింద నిలబడ్డ తాళాలాయన నెత్తిన పడింది. "కా... కాళ్ళూ... చేతులూ. కాళ్ళూ చేతులూ కడగనివారు లోపలికి రాకూడదు! ఇంతే అన్నా! మా అమ్మ రోజూ గుమ్మంలో నిలబడి అరిచేదే ఇది. దీనికి రాయి కూడా దండగ."

చిన్నచెంబు పిట్టగోడ పట్టుకుని లేచింది. ఆమె మూడో తరగతి దాకా చదువుకుంది. అక్షరాలు వచ్చు, వాటితో పనే ఎప్పుడూ పడలేదు. "ఏమన్నావు బాబూ? ఇంకోసారి చదువు."

రంగులాయన ఇటు తిరిగాడు. నోరు పెద్ద మనిషి. మామూలుగా అయితే ఊరంతా వినేలా చెప్పేవాడు. ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఏం లేదక్కా. 'ని' మీదున్న గుడి ఎవడో తీసేశాడు. తీసి 'డ' మీదొకటి, 'గ' మీదొకటి పెట్టాడు. కడగని కాస్తా కడిగిన అయింది. మా రంగులవాడే అయ్యుంటాడు. మా పనిలో చెయ్యి తిరిగితే చాలు, అక్షరం రానక్కర్లేదు. ఉన్న ఒక్క గుడినీ పడగొట్టి రెండు గుళ్ళు కట్టిపోయాడు మహానుభావుడు."

"మరి ఎవరూ చూసుకోలేదా?"

రంగులాయన చాకుకి అంటిన సున్నం దులిపాడు. జవాబు కష్టమైందేం కాదు. ఎవరో ఒకరు చూసుకునే ఉంటారు. కడిగినవారు రాకూడదేమిటి, కడుక్కునే కదా రావాలి అని ఏ పిల్లో అడిగే ఉంటుంది. బాగా చదువుకున్న పెద్దమనిషి ఎవరో గడ్డం సవరించుకుని, 'కడుక్కున్నవారు కాదమ్మా, కడిగినవారు. అంటే ఇతరులను కడిగినవారు. అంటే శవాలను' అని సెలవిచ్చి ఉంటాడు. అచ్చుతప్పుకి అర్థం దొరికితే అది ఆచారమై కూర్చుంటుంది. ఆపైన దాన్ని కదిలించడానికి రంగు గోకే చాకు చాలదు.

"పెద్దాయన్ని పిలుస్తా" అన్నాడు తాళాలాయన. అని, కదలకుండా ఇంకాసేపు రాయివైపు చూశాడు.

పెద్దాయన చేతికర్ర పోటేసుకుంటూ వచ్చాడు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన ముప్పయ్యేళ్ళు బళ్ళో పిల్లలకి అక్షరాలు దిద్దించినవాడు. నిచ్చెన పక్కన నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, చదివాడు. మళ్ళీ తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"నీకు గుడి ఎక్కడ పెట్టాలో నేర్పింది నేనే" అన్నాడు రంగులాయనతో.

"అందుకే కనిపెట్టగలిగాను మాస్టారూ."

పెద్దాయన నీళ్ళు నమిలాడు. మందిరంలో నీళ్ళకి కొదవలేదు. అయితే అన్నీ పోసే నీళ్ళే. నమిలే నీళ్ళు చిన్నచెంబు ఇవాళే చూసింది.

"అయ్యా, అక్క సంగతి" అంది.

"విన్నాను. తాళాలాయన చెప్పాడు." ఆయన ఆమె వైపు కాక పిట్టగోడ వైపు చూశాడు. "మా అమ్మని మీ అక్కే కడిగింది. పండుని కడిగినట్టు కడిగింది. నాకు గుర్తులేదనుకోకు. కానీ నువ్వే ఆలోచించు. ఇది తప్పని ఇవాళ నేనన్నాననుకో. మీ అత్తని తూముగుమ్మంలోంచి పంపించింది మా నాన్న. ఆవిడ అత్తని పంపించింది మా తాత. వాళ్ళందరూ చదువు రానివాళ్ళా? వాళ్ళ మాట ఏమైపోవాలి?"

"వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారయ్యా. మా అక్క ఈ ఎండకి ఆగదు."

"మా అక్క కూడా రెండ్రోజులుగా కళ్ళు తెరవడం లేదు" అన్నాడు పెద్దాయన, అదొక జవాబైనట్టు. తర్వాత కర్ర అటు చేతి నుంచి ఇటు చేతికి మార్చుకున్నాడు. "సరే. బల్ల మీదే కడుక్కో. మూడు నీళ్ళూ పోసుకో. ఎవరేమన్నా నేను చూసుకుంటా. గుమ్మం మాత్రం అదే గుమ్మం. లోపలికి వద్దు. రాత సంగతి రేపు సంఘం కూర్చుని తేలుస్తుంది. అప్పటిదాకా దాని మీద గోనె కప్పు బాబూ."

"మంచిదయ్యా" అంది చిన్నచెంబు.

ఆ మాట ఆమె అనలేదు. అదే వచ్చింది. ఇరవయ్యారేళ్ళుగా ఆ ముంగిట్లో నోరు తెరిస్తే అదే మొదట బయటికొస్తుంది. మిగతా మాటలు దాని వెనక వరసలో నిలబడి, నిలబడి, ఇంటికెళ్ళిపోతాయి.

పెద్దచెంబుని తోపుడుబండి మీద తెచ్చారు. బండితోసే అన్నదమ్ములిద్దరూ ఆమెని బల్ల మీద పడుకోబెట్టి బయటికి నడిచారు. చిన్నచెంబు తలుపు వేసింది. కాగు కింద మంట ఎగదోసింది.

"మొదటి నీళ్ళు ఒక్కసారిగా పోయకు. ముందు చేత్తో తడుపు. ఉలిక్కిపడతారు" అని అక్క మొదటిరోజు నేర్పింది.

"చచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారా అక్కా?"

"వాళ్ళు పడరు. నువ్వు పడతావు."

చిన్నచెంబు చేత్తో తడిపింది. అక్క కుడిచేతి మీద కాగునీళ్ళు చిందిన పాతమచ్చ, అరచేయంత. ఎడమ మోకాలు వాచి ఉంది. ఎన్నాళ్ళనుంచి వాచిందో చెప్పనేలేదు. వేళ్ళ చివర్లు మూడు రోజులుగా నీళ్ళు తగలకపోయినా నానినట్టే ముడతలుగా ఉన్నాయి. ఒక్కో వేలూ విడదీసి కడిగింది.

గదికీ మందిరానికీ మధ్య ఒకే గోడ. లోపల పాడే ప్రార్థన గోడలోంచి సగం సగం వినిపిస్తుంది. అలా విని నేర్చుకున్న పెద్దచెంబు 'దయతో మమ్ము కావుమయ్యా' అన్నదాన్ని ఇన్నేళ్ళూ 'దయతో మమ్ము కాగుమయ్యా' అనే పాడింది. కాగు ముందు కూర్చుని, పుల్లలు ఎగదోస్తూ, ఎంతో భక్తిగా. అది కాగు కాదు, కావు అని ఒకరోజు బయట ఎవరో చెబితే, "మీ దేవుడు కాస్తాడో లేదో నాకు తెలీదు, నా కాగు మాత్రం కాగుతోంది" అందట. లోపల ఆ పాట ఎలా ఉంటుందో, గోడ అడ్డం లేకుండా ఒక్కసారి వినాలని ఆమెకి ఉండేది. ఆ కోరిక కూడా నవ్వుతూనే చెప్పేది. ఏడుస్తూ చెబితే ఎవరైనా తీరుస్తామంటారేమోనని భయం కాబోలు.

రెండో నీళ్ళు అయ్యాయి. కిటికీ ఖాళీగా ఉంది. చెవుల వెనక కడిగావా అని అడిగేవాళ్ళు లేరు. చిన్నచెంబు తనే అడిగింది. కడిగానంది. మళ్ళీ చూసింది. కడగలేదు. మర్చిపోయింది. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి. తువ్వాలు కొస తడిపి అక్క చెవుల వెనక తుడుస్తుంటే అప్పుడు ఏడుపొచ్చింది.

మూడో నీళ్ళు పోసి, తెల్లబట్ట చుట్టి ముడేస్తుండగా తలుపు అవతల తాళాలు గలగలమన్నాయి.

"చిన్నచెంబూ! తొందరగా కానియ్. పెద్దాయన అక్కగారు పోయారు. మంచం మీద తెస్తున్నారు. బల్ల ఖాళీ చెయ్."

తలుపు తీసేసరికి వెనక తూముగుమ్మం తెరిచి ఉంది. ఆ గుమ్మం ముందు బండి అన్నదమ్ములు పాడె దించి నిలబడ్డారు. ఇటు ముంగిట్లోకి మంచం వచ్చింది. మంచం వెనక పెద్దాయన. ఇందాకటికీ ఇప్పటికీ పదేళ్ళు పెద్దయినట్టున్నాడు. మంచం పిట్టగోడ నీడలో దించారు. ఆయన పక్కనే నేల మీద కూర్చుని, పైపంచెతో అక్క ముఖం మీది ఈగల్ని తోలుతున్నాడు.

అన్నదమ్ములు పెద్దచెంబుని ఎత్తి పాడె మీద పడుకోబెట్టారు. తూము వైపు తిరిగారు.

"అటు కాదు" అంది చిన్నచెంబు.

"మరెటు?"

"ఇటు." ముంగిలి వైపు చూపించింది.

అన్నదమ్ములు తాళాలాయన వైపు చూశారు. తాళాలాయన, "అదేంటి! ఇందాకే ఒప్పుకున్నావుగా? మంచిదయ్యా అన్నావుగా?" అన్నాడు.

"అన్నాను. నా నోటికి వేరే మాట రాదు. ఇప్పుడొచ్చింది."

"ఇప్పుడు గొడవేంటి చిన్నచెంబూ? పెద్దాయన అక్కగారు అక్కడ ఆరుబయట ఉన్నారు. ముందు ఆవిడ పని చూడు."

"కడగను."

గట్టిగా అనలేదు. మామూలుగా, ఇవాళ కూర లేదు అన్నట్టు అంది. అయినా మంచం మోసుకొచ్చిన నలుగురూ ఇటు తిరిగారు. పెద్దాయన చేతిలో పైపంచె ఆగింది. ఈగలు వాలాయి.

చిన్నచెంబు చెంబుతో నీళ్ళు ముంచుకుని గది గుమ్మం బయటికొచ్చి, అందరి ముందూ కాళ్ళు కడుక్కుంది. మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది.

"అయ్యా, మీరు అక్షరాలు దిద్దించినవారు. నాకు మూడో తరగతి చదువు. మీరే చెప్పండి. ఆ రాయి మీద కడగనివాళ్ళు రాకూడదని ఉంటే, ఇదిగో, కాళ్ళూ చేతులూ కడుక్కున్నాను. మా అక్క మూడు నీళ్ళు పోసుకుంది. మేం రావచ్చు. కాదు, కడిగినవాళ్ళే రాకూడదంటే, ఇక నేను కడగను. మీరు ఎలా చదివినా సరే."

"ఇవాళ పొద్దున రెండు శవాలు కడిగావు! మీ అక్కని ఇప్పుడే కడిగావు!" తాళాలాయన వేళ్ళు లెక్కపెట్టాడు. "ఏడు రోజులు ఆగాలి!"

"ఆగుతాను. పెద్దాయన అక్కగారిని కూడా ఆగమనండి, ఏడు రోజులు."

అనేశాక ఆమెకే తెలిసింది. ఆ ఎండలో, ఆ మంచం ముందు, అనవలసిన మాట కాదది. నాలుక కరుచుకుందామనుకుంది. కానీ ఆ మాట వెనక ఇంకో మాట, దాని వెనక ఇంకోటి, ఇన్నేళ్ళూ వరసలో నిలబడ్డవన్నీ అప్పుడే కాస్త ముందుకి జరిగాయి. కరుచుకోలేదు. "తప్పుగా అన్నానయ్యా. ఆవిడ నాకు ఏం చేయలేదు. మీ అక్క మీకు అక్క. నా అక్క నాకు అక్క. ఇదొక్కటి తేల్చండి. తేలిన తర్వాత మీ అక్కగారిని పండుని కడిగినట్టే కడుగుతాను."

పెద్దాయన మళ్ళీ పైపంచె ఊపడం మొదలుపెట్టాడు.

"ఎత్తండి" అంది చిన్నచెంబు అన్నదమ్ములతో.

చిన్నవాడు కదల్లేదు. పెద్దవాడు వాడి మోచెయ్యి పొడిచాడు. "ఎత్తరా. బరువు మనకి కొత్తా?" ఇద్దరూ వెనక రెండు కొసలూ పట్టుకున్నారు. ముందు రెండు కొసలకి చిన్నచెంబు ఒక్కతే. రంగులాయన నిచ్చెన దిగి, నిచ్చెన పక్కకి లాగాడు.

"నేను పడతా అక్కా. కానీ చేతులనిండా నల్లరంగు."

"అయితే కడుక్కురా."

రంగులాయన నవ్వబోయి, నవ్వలేక, నీళ్ళ బాన దగ్గరికెళ్ళి చేతులు రుద్దుకున్నాడు. రంగు పూర్తిగా పోలేదు. పోయినంతవరకు పోయింది. వచ్చి నాలుగో కొస పట్టాడు.

గదికీ గుమ్మానికీ మధ్య ఇరవై అడుగులు నడిచారు. తెల్లబట్టలోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారి, ఊడ్చిన ముంగిలి మీద ఒక వంకరగీత పడింది. మెట్లు మూడు. మొదటి మెట్టు దగ్గర ఆగాల్సొచ్చింది. తాళాలాయన పరుగున పక్కనుంచి ముందుకెళ్ళి, గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ రెండు తలుపులకీ ఆనించాడు. అడ్డం నిలబడ్డాడో, పడిపోకుండా పట్టుకున్నాడో చెప్పడం కష్టం. ఆయన కళ్ళు చిన్నచెంబు మీద లేవు. ఆమె తల మీదుగా, పిట్టగోడ నీడలో కూర్చున్న మనిషి మీదున్నాయి. అవునంటాడా, కాదంటాడా.

ఆ మనిషి అవుననలేదు. కాదనలేదు. లేవలేదు కూడా.

పెద్దాయన అక్కగారికి ప్రార్థన పాడటానికి లోపల కూర్చున్న వాళ్ళు గుమ్మం వైపు తిరిగి చూస్తున్నారు. ఎవరూ పాట ఎత్తలేదు. ఎండ నడినెత్తి దాటింది గానీ తగ్గలేదు.

"అక్కా, ఎంతసేపిలా?" రంగులాయన గొంతు తగ్గించి అడిగాడు. "దించుదామా?"

"వద్దు" అంది చిన్నచెంబు. ఎడమ భుజం మీది బరువు కుడి భుజానికి మార్చుకుని, కాలు తీసి మొదటి మెట్టు మీద పెట్టింది.